మా ఊళ్ళో పార్టీ అంటే

మొన్న మా పాప బడి నుంచి ఒక ఇంటిపని తెచ్చింది. ఒకే ఇంగ్లీషు మాటకు ఎన్ని అర్థాలుంటే అన్ని వాక్యాలు రాయాలట. దానికి వచ్చిన మాట పార్టీ. కేకు కోసే పార్టీ ఒకటి, ఓట్లడిగే పార్టీ ఒకటి రాసేసి, "ఇంకేమున్నాయి?" అని నా మొహం చూసింది. నేను చింతపండులో గింజలు తీస్తూ మొదలుపెట్టాను. కోర్టులో కేసు వేసినవాడూ పార్టీయే, వేయించుకున్నవాడూ పార్టీయే. శెనక్కాయల మూటలు కొనడానికి ప్రొద్దుటూరు నుంచి వచ్చే ఆసామీ పార్టీ. పెళ్ళి సంబంధాలు చూసేవాడి సంచిలో ఫోటోలై ఉండేవాళ్ళంతా మంచి పార్టీలు. పాప గబగబా రాసుకుంది. ఇంకొక అర్థం ఉంది గానీ, అది నోటుపుస్తకంలో పట్టేది కాదని ఊరుకున్నాను.

నేను అనుమానం మనిషిని. పాలప్యాకెట్టు చేత్తో తూచి గానీ ఇంట్లోకి తీసుకోను. తలుపు గడియ పెట్టానో లేదో మూడుసార్లు చూస్తాను. మా ఆయన దీన్ని జబ్బంటాడు. మా ఊళ్ళో పుట్టివుంటే ఆయనకూ ఉండేది ఈ జబ్బు.

మా ఊరు కడపకు బస్సులో రెండు గంటల దూరం. మన్ను తక్కువ, రాళ్ళెక్కువ. ఊరికి ఎగువీధి, దిగువీధి. ఎగువీధికి ఒక పెద్దాయన, దిగువీధికి ఒక పెద్దాయన. వాళ్ళ నాయనల కాలంలో ఒక చేనిగట్టు దగ్గర మొదలైన తగాదా నా కాలానికి గట్టును మరిచిపోయి ఊరంతా పాకింది. ఎవరైనా "మీరే పార్టీ?" అంటే ఏ వీధి పక్షం అని అర్థం. ఎలక్షన్లలో ఎగువీధి ఒక జెండా పడితే దిగువీధి రెండోది పట్టేది. ఒకసారి ఆ రెండు జెండాలూ తారుమారయ్యాయి, మనుషులు మాత్రం ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. కొత్తగా వచ్చిన పంతులు బస్సు దిగి తెలియక ఎగువీధి హోటల్లో టీ తాగాడు. పాపం, బదిలీ అయ్యేదాకా ఎగువపార్టీ పంతులుగానే ఉండిపోయాడు.

ఊళ్ళో హోటళ్ళు రెండు, పిండిమిషన్లు రెండు, క్షవరం చేసేవాళ్ళిద్దరు. సరుకుల అంగడి మాత్రం ఒకటే, అది మాది. రెండు వీధులూ కలిసే మూల మీద ఉండేది. బెల్లం, కిరోసిను, గోనెసంచులు, చింతపండు అన్నీ కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఏ పాత అంగట్లోకి వెళ్ళినా నా కాళ్ళు ఆపేస్తుంది. మా నాయన ఆ అంగడిని తూకం రాళ్ళతో కాదు, జాగ్రత్తతో నడిపాడు. ఆయన పీట ఎగువకూ తిరిగేది కాదు, దిగువకూ తిరిగేది కాదు, నేరుగా రోడ్డుకే ఉండేది. ఏ హోటల్లోనూ టీ తాగడు. ఎవరొచ్చి ఎవరి మీద ఏం చెప్పినా "అట్లనా" అంటాడు. అంతే. అవునని కాదు, కాదనీ కాదు. "ఆ ఒక్క మాట మీద మూడు తరాలు బతికినాం" అనేది మా అవ్వ.

ఇక్కడొక కట్టు గురించి చెప్పాలి. మా వైపు తగాదా తెగిందంటే రెండు పక్షాలవాళ్ళూ పెద్దమనుషుల ఎదుట ఒకేచోట కూర్చుని, ఒకే కుండలో కెలికిన సంగటి తినాలి. దాన్ని రాజీ అంటారు. కాగితం మీద వేలిముద్ర కంటే ఆ ముద్దకే విలువ. రాజీ కానంతవరకూ ఆ ఇంటివాళ్ళు తిన్నచోట ఈ ఇంటివాళ్ళు చెయ్యి కడగరు. పెళ్ళయినా అంతే, చావైనా అంతే. పిల్లలకూ అదే కట్టు.

బళ్ళో నా తరగతిలోనే ఎగువింటి పెద్దాయన మనవరాలూ ఉండేది, దిగువింటి పెద్దాయన మనవరాలూ ఉండేది. ఇద్దరి మధ్య నన్ను కూర్చోబెట్టడం పంతులు తెలివి. మూడు నెలలు తిరక్కుండానే ఆ ఇద్దరికీ ప్రాణస్నేహం అయింది, అదీ నా మీదుగా. ఎగువపిల్ల ఓళిగలు, అవే బొబ్బట్లు, నిప్పట్లు తెచ్చేది. దిగువపిల్ల బొరుగుల ఉగ్గాని తెచ్చేది, నిమ్మకాయ పిండి, పైన వేయించిన పప్పుల పొడి చల్లి. మధ్యాహ్నం బడివెనక నీళ్ళ తొట్టి దగ్గర చేరేవాళ్ళం. ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకోకూడదు కాబట్టి ఆ ఓళిగ నా చేతిలోకి వచ్చి ఈ పిల్ల చేతిలోకి పోయేది, ఈ ఉగ్గాని నా చేతిలోకి వచ్చి ఆ పిల్ల నోట్లోకి పోయేది. ఎవరైనా చూస్తే "సెట్టి పాప ఇచ్చింది" అనేవాళ్ళు. సెట్టి పాప ఊరికే ఇస్తుందా? వచ్చిన ప్రతిదాంట్లోనూ ఒక కొరుకు కొరికే ఇచ్చేదాన్ని. వాళ్ళిద్దరూ నా భుజాల మీదుగా ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటుంటే మాత్రం నాకు లోపల కుళ్ళుగా ఉండేది.

ఆ సంవత్సరం మా ఇంట్లోకి రంగుల టీవీ వచ్చింది. టీవీలో పిల్లలు కాగితం టోపీలు పెట్టుకుని కేకు కోసి, మొదటి ముక్క ఇష్టమైనవాళ్ళ నోట్లో పెట్టడం చూశాను. అంతవరకూ నా పుట్టినరోజంటే తలంటు, కొత్త పావడా, సేమ్యా పాయసం. నెల రోజులు నాయన ప్రాణం తీశాను. చివరికి ఆయన సరే అన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు.

"దాంట్లో గుడ్డు ఏస్తారు. మన ఇంట్లోకి గుడ్డా!"

"కడపలో గుడ్డు లేకుండా చేసే బేకరీ ఉండాదిమ్మా" అన్నాడు నాయన.

"ఆ బేకరీవోడు నీకు ప్రమాణం చేసినాడా?"

అవ్వకు ఆ అనుమానం చివరిదాకా తీరలేదు. నేనేమో మరుసటి రోజే తొట్టి దగ్గర ఇద్దర్నీ పిలిచేశాను. మాట పూర్తికాకముందే ఇద్దరూ వస్తామన్నారు. ఎగువపిల్ల ఇంటికెళ్ళి కొత్త రిబ్బను అడిగి, ఎందుకంటే చెప్పేసింది. ఎవరెవరొస్తారంటే అదీ చెప్పేసింది.

మర్నాడు ఆదివారం, మధ్యాహ్నానికి ఎగువింటి మనిషొకడు అంగడికొచ్చి అగ్గిపెట్టె అడిగాడు. అగ్గిపెట్టెలు వాళ్ళ ఎగువీధి హోటల్లోనూ దొరుకుతాయి. నేను లోపల పప్పుల డబ్బా పక్కన కూర్చుని వింటున్నాను.

"ఏమి సెట్టీ, ఇంట్లో ఏందో చేస్తాండారంట?"

"పాప పుట్టినరోజప్పా. పిల్లోళ్ళ ముచ్చట."

"మంచిదే. మా పాపనూ పిల్చినారు, శానా సంతోషం. ఇంగెవుర్ని పిల్చినారో?"

నాయన చేతిలో పొట్లం కట్టే దారం ఆగిపోయింది. "తరగతి పిల్లోళ్ళందర్నీ" అన్నాడు.

"అందరంటే అందర్నీనా?"

నాయన "అట్లనే" అన్నాడు. ఆ మనిషి అగ్గిపెట్టె జేబులో వేసుకుని, పోయేముందు ఇంట్లోకి ఒకసారి తొంగిచూసి పోయాడు. గంట తర్వాత దిగువింటి మనిషి వచ్చి ఇంకో అగ్గిపెట్టె కొన్నాడు.

"రాజీ చేయిస్తాండావంట కదా సెట్టీ?"

"నేనేంది, రాజీ ఏందప్పా!"

"మాకు తెల్సులే. ఎవురు చెప్పమంటే చేస్తాండావో అది చెప్పు, సాలు."

సాయంత్రం నాయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అన్నం ముందు కూర్చుని ఊరికే కలుపుతూ ఉండిపోయాడు. నాకు భయం వేసింది. అవ్వే విడమరిచి చెప్పింది.

"ఒకర్నే రమ్మంటే ఒక పార్టీలో కలిసిపోయినాం అంటారు. ఇద్దర్నీ రమ్మంటే, వాళ్ళు అడక్కుండానే రాజీకి దిగినాం అంటారు. ఎవుర్నీ వద్దంటే, ఎవురో బెదిరిస్తే మానుకున్నాం అంటారు. ఏది చేసినా ఒక వీధి మన అంగడి తొక్కదు. ఈ ఒక్క అంగడి ఇడ్సిపెట్టి యాడికి పోతామే?"

"జరగనీమ్మా. ఏమీ దాయకుండా జరగనీ" అన్నాడు నాయన.

ఏమీ దాచకుండా అంటే ఎట్లాగో ఆ రెండు రోజుల్లో చూశాను. పట్టపగలు, వీధి తలుపులు రెండూ బార్లా తీసి, నడవలో చేయాలన్నారు. బుడగలు వద్దన్నారు, టప్పుమని పగిలితే ఎవరేమనుకుంటారో అని. నాయన కడప నుంచి కేకు పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సు దిగేసరికి ఇద్దరు మనుషులు కాచుకుని ఉన్నారు, వీధికొకడు. "లోపలేముండాది సెట్టీ?" అని ఒకడు మూత తీయించాడు. గులాబిరంగు కేకు, పైన క్రీముతో చేసిన పువ్వు. వాడు వేలితో పొడిచి వాసన చూశాడు. అది చూసి రెండోవాడు ఇవతలి వైపు పొడిచి వాసన చూశాడు. అట్లా నా కేకు రెండు బొక్కలతో ఇల్లు చేరింది. బేకరీవాడు ఇచ్చిన ప్లాస్టిక్ కత్తిని నాయన బస్సు కిటికీలోంచి దారిలోనే పారేశాడట. కత్తి కత్తే కదా అన్నాడు.

పుట్టినరోజు సాయంత్రం తరగతి పిల్లలంతా వచ్చారు. ఎగువపిల్ల కొత్త రిబ్బనుతో వచ్చింది, వెంట వాళ్ళ జేజినాయన, అంటే ఆ పెద్దాయనే, చేతిలో ఇంటినుంచి తెచ్చిన నీళ్ళచెంబు. దిగువపిల్ల వచ్చింది, వెంట వాళ్ళ జేజి, అదే నాయనమ్మ, కొంగు చాటున ఇంటినుంచి తెచ్చిన స్టీలు పళ్ళెం. ఇద్దరు ముసలివాళ్ళకూ తలుపుకు చెరోవైపు కుర్చీ వేశారు. వాళ్ళు పన్నెండేళ్ళుగా ఒకే కప్పు కింద కూర్చోలేదని తర్వాత విన్నాను.

"వానలు యాడ సెట్టీ?" అన్నాడు ఆయన మా నాయనతో.

"ఈ ఏడు కూడా ల్యావు, చూడు సెట్టీ" అంది ఆమె, మా నాయనతోనే.

ఒకరి మాట ఒకరికి అందడానికి మా నాయన మధ్యలో తల ఊపుతూ నిలబడ్డాడు.

అంగట్లో బట్టల సబ్బు బారును దారంతో కోస్తాం. కేకునూ అట్లాగే కొత్త దారం రెండు కొసలూ పట్టుకుని నేనే కోశాను. ముక్క చేతిలోకి తీసుకున్నాక గానీ నాకు అర్థం కాలేదు. మొదటి ముక్క ఇష్టమైనవాళ్ళ నోట్లో పెట్టాలి. నడవంతా నా చేతిని చూస్తోంది. ఎడమవైపు ఎగువపిల్ల నోరు సగం తెరిచి ఉంది, కుడివైపు దిగువపిల్ల నవ్వుతోంది. ఎవరికి పెడితే మా అంగడి వాళ్ళది. నాయన వైపు చూస్తే ఆయన నేల చూస్తున్నాడు.

అప్పుడు అవ్వ వంటింటి గడపలోంచి పిల్లల్ని తోసుకుంటూ వచ్చింది. "పెద్దముండను నేనుండంగా ఇంగెవురికి పెడతావే ముందు? నాకు పెట్టు" అని నోరు తెరిచింది. గుడ్డుందని కేకు పెట్టె ఉన్న గదిలోకి కూడా అడుగుపెట్టని మనిషి! పెట్టాను. ఆమె మెల్లగా నమిలింది. అందరూ ఆమె గొంతు వైపే చూశారు. మింగింది. "బాగుండాది. బెల్లమైతే ఇంగా బాగుండు" అంది. పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ పూటకు మా అంగడి బతికిందని మా అమ్మ కళ్ళలో నీళ్ళు చూసి తెలుసుకున్నాను.

మిగతాది తేలికే అనుకున్నాం. ఒకరికి ముందు, ఒకరికి వెనక అన్న మాట రాకూడదు, ఎడంచేత్తో ఇచ్చారన్న మాట రాకూడదు. అందుకని నాయనొక పళ్ళెం, అమ్మొక పళ్ళెం పట్టుకుని కుడిచేతులతో ఒక్కసారే ఇద్దరు పిల్లలకూ అందించారు. పువ్వున్న ముక్క దిగువపిల్లకు వచ్చింది. అది లేచింది. నేరుగా నడవ దాటి వెళ్ళి, ఆ పువ్వును తన వేళ్ళతో తీసి ఎగువపిల్ల నోట్లో పెట్టింది. నేను మధ్యలో లేకుండా వాళ్ళు ఒకరికొకరు పెట్టుకోవడం అదే మొదలు.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. గొంతు కూడా పెంచలేదు.

"ఉమ్మేయ్."

ఎగువపిల్ల కదల్లేదు.

"ఉమ్మేయమ్మా."

అది దిగువపిల్ల మొహం చూస్తూనే అరచెయ్యి చాపి ఉమ్మేసింది. పెద్దాయన మా గడప దగ్గరే చెంబులో నీళ్ళతో మనవరాలి చెయ్యి కడిగాడు. దిగువింటి జేజి అంతవరకూ మా నాయనతోనే మాట్లాడిన మనిషి, మొదటిసారి పెద్దాయన వైపు తిరిగింది. "మా పిల్ల చెయ్యి అంత చెడ్డదా?" అంది. ఆయన మా నాయన వైపు తిరిగాడు. "పోయొస్తాం సెట్టీ" అని మాత్రం అన్నాడు. దిగువపిల్ల వేళ్ళకంటిన గులాబిరంగు క్రీము తుడుచుకోకుండా అట్లే నిలబడి ఉంది.

నిజం చెప్పాలి, ఆ సాయంత్రం నాకు బాధ కలగలేదు. కేకు బోలెడు మిగిలిందని మూడు ముక్కలు తిన్నాను. అవ్వ పసుపునీళ్ళతో పుక్కిలించి తలస్నానం చేసింది. తెల్లారి ఎగువీధి నుంచి ఉప్పుకొచ్చారు, దిగువీధి నుంచి చింతపండుకొచ్చారు. సెట్టి ఏ పార్టీ కాదు, వాళ్ళమ్మ నోటికే ముందు పెట్టించినాడు అని రెండు హోటళ్ళలోనూ చెప్పుకున్నారట. నాయన ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాడు.

బళ్ళో నా బల్ల మీద ముగ్గురమే, కానీ నా చేతిలోంచి ఏదీ అటు పోలేదు, ఇటు రాలేదు. నాలుగైదు రోజులకు దిగువపిల్ల నన్ను తొట్టి వెనక్కి పిలిచింది.

"నేను దాంట్లో ఏమన్నా కలిపినానని అనుకునిందా అది?"

లేదని చెప్పొచ్చు. వాళ్ళ జేజినాయన చేయించాడు, అది నీ మొహం చూస్తూ ఎట్లా ఉమ్మిందో నేను చూశానని చెప్పొచ్చు. ఆ మాట ఎవరి చెవిన పడి ఎటు పోతుందో అని భయపడ్డాను. సెట్టి బిడ్డను కదా, నోట్లోంచి వచ్చిన మాట "అట్లనా". అది తిరిగి బళ్ళోకి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో నేను చేసిన పాపం ఏదని ఎవరైనా అడిగితే ఆ ఒక్క మాట చూపిస్తాను.

ఆ పై ఏడు ఎగువపిల్లను కడప హాస్టల్లో వేశారు. దిగువపిల్ల పదో తరగతితో మానేసి పెళ్ళి చేసుకుపోయింది. మరికొన్నేళ్ళకు రెండిళ్ళ కొడుకులూ కలిసి మంగంపేట గనుల ముగ్గురాయి తోలే లారీలు పెట్టారు. రాజీ సంగటి కూడా వండలేదు, కడపలో ఏదో హోటల్లో బిర్యానీ తిన్నారట. ఇప్పుడు రెండిళ్ళూ ఒకే పార్టీ. హోటళ్ళు మూతపడ్డాయి, పిండిమిషన్లు మూతపడ్డాయి, మా అంగడి ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. నాయన కడపలో అద్దె ఇంట్లో ఉంటాడు. ఇప్పటికీ పక్కింటివాళ్ళు ఏం చెప్పినా అట్లనా అంటాడు.

పోయినేడు కడపలో బట్టల అంగట్లో ఒకామె నా భుజం తట్టింది. "సెట్టి పాపవు కదూ?" అంది. ఎగువపిల్లే. చీరలు పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాం. లేవబోతూ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పొద్దు నేను ఉమ్మింది సగమే. మిగిలింది మింగేసినా."

నేను మళ్ళీ కూర్చున్నాను.

"జేజినాయన ఇంటికి పోయినాక నోరు తెరిపించి చూసినాడు. దాంట్లో ఏం విషం కలిపినారో అని భయం పెట్టినాడు. రెండు దినాలు కడుపు పట్టుకోని కూర్చున్నా, సచ్చిపోతానేమో అని."

"అంత భయమైతే ఎందుకు మింగినావు?"

"అది పెట్టింది కదా" అంది. సంచి చేతికి తీసుకుని, "అది నీకు యాడన్నా కనిపిస్తే చెప్పు" అంది.

దిగువపిల్ల ఎక్కడుందో కనుక్కోవడానికి నాకు నెల పట్టింది. అడిగిన ప్రతివాళ్ళూ ఎందుకని అడిగారు. చివరికి బళ్ళారిలో ఉందని తెలిసి, నెంబరు దొరికించుకుని ఫోను చేశాను. నేనెవరో చెప్పాను. ఎగువపిల్ల చెప్పిందంతా చెప్పాను, ఒక్క మాట పోకుండా. అప్పుడు తొట్టి వెనక చెప్పాల్సింది చెప్పలేదని, తప్పు నాదేనని కూడా అన్నాను. అటువైపు కుక్కరు కూత వినబడుతోంది. ఏడుస్తోందేమో అనుకున్నాను, నాకూ ఏడుపొచ్చింది.

"ఇన్నేండ్లకు ఇప్పుడెందుకు చెప్పమనింది?" అంది. "మాతోటి వాళ్ళకేమన్నా పనిబడిందా?"

"అట్లాంటిదేమీ లేదు. నిన్ను తలుచుకుంది, అంతే."

"మరి నీకేమి పనిబడింది?"

ఏ పనీ లేదని చెప్పాను. నమ్మలేదు. ఆమె చోట నేనున్నా నమ్మను.